ఆ బోర్డు తీసింది ఎవరు? హిడెన్ ఫిగర్స్ రివ్యూ

నమస్తే అండీ. ఈ రోజు 2016లో వచ్చిన హిడెన్ ఫిగర్స్ గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామంది చూసే ఉంటారు, నేనైతే ఇప్పటికి మూడుసార్లు చూశాను. మొదటిసారి ఏడిపించిన సీనే మూడోసారి నాకు కోపం తెప్పించింది, అందుకే ఈ వీడియో.

చూడనివాళ్ళ కోసం కథ టూకీగా చెప్తాను. అమెరికాలో వర్జీనియా, హాంప్టన్ అనే ఊరు, అక్కడ నాసా వాళ్ళ లాంగ్లీ సెంటర్. ఆ ఆఫీసులో కంప్యూటర్ అంటే మొదట్లో యంత్రం కాదు, మనిషి. కూర్చుని లెక్కలు కట్టే ఆడమనిషి. అలా పని చేసిన ముగ్గురు నల్లజాతి ఆడవాళ్ళు కేథరిన్ జాన్సన్, డొరొతీ వాన్, మేరీ జాక్సన్. ముగ్గురూ నిజంగా ఉన్నవాళ్ళే. 1962లో వ్యోమగామి జాన్ గ్లెన్ భూమి చుట్టూ తిరిగి వచ్చే ముందు, యంత్రం కట్టిన లెక్కని కేథరిన్ చేత్తో మళ్ళీ కట్టి చూడాలని అడిగాడు, అదీ నిజమే. నటన గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు, ముఖ్యంగా డొరొతీగా చేసిన ఆక్టేవియా స్పెన్సర్ మాట్లాడకుండా చూసే చూపులోనే అంతా ఉంటుంది.

ఇక ఆ సీన్. కేథరిన్ రోజూ నల్లవాళ్ళ బాత్రూమ్ కోసం అరమైలు పరిగెత్తుతుంది, ఒకరోజు వానలో తడిసి వచ్చి అందరి ముందూ బద్దలైపోతుంది. అప్పుడు తెల్ల బాస్ పెద్ద ఇనుప కడ్డీ తెచ్చి బాత్రూమ్ బోర్డు పగలగొడతాడు. మనం చప్పట్లు కొడతాం, నేనూ కొట్టాను.

కానీ ఆ బాస్ కల్పిత పాత్ర. బోర్డు పగలగొట్టడం కూడా జరగలేదు. నిజంగా కేథరిన్ మొదటి నుంచీ తెల్లవాళ్ళ బాత్రూమ్‌కే వెళ్ళింది, బాత్రూమ్ దగ్గర అవమానం పడింది మేరీ జాక్సన్. అసలు సంగతి ఇంకొకటి ఉంది. లాంగ్లీ క్యాంటీన్‌లో ఒక బల్ల మీద 'కలర్డ్ కంప్యూటర్స్', అంటే లెక్కలు కట్టే నల్లజాతి ఆడవాళ్ళకి అని చిన్న బోర్డు పెట్టేవాళ్ళు. మిరియమ్ మాన్ అనే ఉద్యోగిని దాన్ని తీసి తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీసింది. ఉద్యోగం పోతుందని ఇంట్లో టెన్షన్ ఉన్నా మానలేదు, చివరికి పెట్టేవాళ్ళే మానేశారు. ఇంత గొప్ప సీన్ చేతిలో ఉండగా దాన్ని వదిలేసి, కడ్డీ తెల్లాయన చేతికి ఎందుకిచ్చారో నాకు అర్థం కాదు.

సినిమాలో తలుపు ఒకటే, తాళం ఒకటే అన్నట్టు ఉంటుంది. నిజానికి రెండు తాళాలండీ, ఒకటి నల్లజాతి కావడం, రెండోది ఆడవాళ్ళు కావడం. యుద్ధం రోజుల్లో మనుషులు దొరక్క, రక్షణ ఉద్యోగాల్లో జాతి వివక్ష వద్దని 1941లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వు కూడా తోడై లాంగ్లీ నల్లజాతి ఆడవాళ్ళని తీసుకుంది. టీచర్‌గా ఉన్న డొరొతీ 1943లో అలాగే చేరింది. అయితే ఆ పని ఆడవాళ్ళ పని, తక్కువ గ్రేడు, తక్కువ జీతం. అదే చదువు చదివిన తెల్ల మగాడైతే ఇంజనీర్. తెల్లవాళ్ళు కాని ఆడవాళ్ళకి అదే తక్కువ పని, పైగా వేరే గది. క్రిస్టీన్ డార్డెన్ అనే ఇంకో నల్లజాతి ఆవిడ 1967లో లాంగ్లీలో చేరేసరికి ఆ గది లేదు, బోర్డులూ లేవు. అయినా మాస్టర్స్ చేసిన ఆమెని లెక్కల పనికే పంపారు. నాలాంటి చదువే ఉన్న మగవాళ్ళు ఇంజనీర్లెలా అయ్యారని పైఅధికారిని నేరుగా అడిగాకే ఆమెకి ఇంజనీరింగ్ విభాగం దక్కింది. మేరీ 1958లోనే ఇంజనీర్ అయింది, కానీ పైకి వెళ్ళే దారి మూసుకుపోయింది. చివరికి 1979లో తన హోదా తగ్గించుకుని మరీ, మిగతా ఆడవాళ్ళకి దారి చూపించే ఉద్యోగానికి మారింది. సినిమా ఇంత దూరం రాదు.

మరి నల్లజాతి మగవాళ్ళు? ఎడ్ డ్వైట్ అని ఎయిర్‌ఫోర్స్ కెప్టెన్. వ్యోమగామి శిక్షణకి ఎంపికై పేపర్లలో ఫొటోలు కూడా వచ్చాక, 1963లో నాసా ప్రకటించిన 14 మంది వ్యోమగాముల్లో ఆయన పేరు లేదు. 1966లో ఎయిర్‌ఫోర్స్ వదిలి తర్వాత శిల్పి అయ్యాడు. అమెరికా నుంచి మొదటి నల్లజాతి మగాడు గయాన్ బ్లూఫోర్డ్ అంతరిక్షానికి వెళ్ళింది 1983లో. మొదటి నల్లజాతి ఆడమనిషి మే జెమిసన్ వెళ్ళింది 1992లో. ఆ మధ్య తొమ్మిదేళ్ళు చూడండి, రెండో తాళం అంటే నేను చెప్పేది అదే.

సినిమా చూడమనే చెప్తాను, పదేళ్ళు దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. కడ్డీ సీన్ వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఆపి, మిరియమ్ మాన్ గురించి వాళ్ళకి చెప్పండి.

ఇవన్నీ నేను వెతకడానికి కారణం 2024 మే 19. బ్లూ ఆరిజిన్ అనే ప్రైవేటు కంపెనీ రాకెట్‌లో మన విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర వెళ్తున్నాడని నేను ఆ వీడియో పెట్టుకుని చూశాను. అదే క్యాప్సూల్‌లో ఒక పెద్దాయన ఉన్నాడు, ఎవరా అని చూస్తే ఎడ్ డ్వైట్. 90 ఏళ్ళ వయసులో, మొదటిసారి.