జిర్కటాంగ్ గేటు దాటాక

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల గురించి ముందు మాట్లాడినవాళ్ళు వివరంగానే చెప్పారు. నేను మళ్ళీ మొదలుపెట్టను. నాకిచ్చిన అంశం 'అండమాన్ దీవుల ప్రకృతి, సంస్కృతి: యాత్రానుభవాలు'. ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి చెట్ల గురించి చెప్తానని మీరు అనుకుంటూ ఉంటారు. చెప్తాను. కానీ ఈ సభకు రావడానికి ఒప్పుకున్నది ఇంకో మాట కోసం. నిర్వాహకుల్లో ఒకరు నిన్న ఫోన్ చేసి, "సార్, జరావాల ఫొటోలు ఉంటే తీసుకురండి, తెర మీద వేద్దాం, పిల్లలు ఇష్టపడతారు" అన్నారు. మంచి మనసుతోనే అడిగారు. సముద్రానివి, చెట్లవి, పక్షులవి బోలెడు తెచ్చాను. జరావాలంటే అక్కడి అడవుల్లో బతికే ఆదివాసులు. వాళ్ళది ఒక్కటీ లేదు. ఎందుకు లేదో చెప్పడానికే వచ్చాను.

ముందు దారి సంగతి. వరంగల్ స్టేషన్‌లో చెన్నై రైలెక్కి, అక్కడి రేవులో ఓడ ఎక్కాం నేనూ మా ఆవిడా. మా బృందంలో మిగతావాళ్ళు విమానంలో వచ్చారు. విమానానికి రెండు గంటల పైచిలుకు, ఓడకు దాదాపు మూడు రోజులు. సుమారు 1,200 కిలోమీటర్లు నీళ్ళ మీదే. మీకు ఓపిక ఉంటే ఓడలోనే వెళ్ళండి. రెండో రోజుకు సముద్రం రంగు మారుతుంది. ఎగిరే చేపలు గుంపుగా నీళ్ళ మీదికి లేచి కొంత దూరం పోయి మళ్ళీ పడతాయి. ఓడలో సగం మంది శ్రీకాకుళం వైపు వాళ్ళు. తాతల కాలంలో చేపల వేటకూ కూలికీ వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబాలు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు వినపడని వీధి తక్కువ. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఆటోవాళ్ళు ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే అంటున్నారు.

మన హైదరాబాదుకూ ఆ ఊరికీ పాత సంబంధం ఉంది. 1857 జులైలో కోఠీ రెసిడెన్సీ మీద దాడి చేసిన మౌల్వీ అలావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. ఆయన అక్కడే చనిపోయారు. సెల్యులార్ జైలు కట్టింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు, 1906లో పూర్తయింది. దాని గురించి మీలో చాలామందికి నాకంటే ఎక్కువ తెలుసు, వదిలేస్తాను.

ఇక అడవి. బారాటాంగ్ దీవిలో డోంగీ అనే చిన్న పడవ ఎక్కి మడ అడవి మధ్య నుంచి పోతుంటే నాకు నలభై ఏళ్ళ నా పాఠాలన్నీ కళ్ళ ముందు కనపడ్డాయి. బోర్డు మీద సుద్దముక్కతో ఊపిరి వేర్ల బొమ్మ ఎన్నోసార్లు గీశాను. ఉప్పునీటి బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్లు వేర్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటాయి. రైజోఫోరా అనే మడచెట్టులో గింజ చెట్టుకు వేలాడుతూనే మొలకెత్తి, బారుగా పెరిగి, కిందికి జారి బురదలో గుచ్చుకుంటుంది. గింజ రాలి కొట్టుకుపోతే బతకదు కాబట్టి తల్లి చెట్టు దాన్ని మొలకను చేసి వదులుతుంది. అక్కడ చేయి చాపి ఒక మొలకను ముట్టుకుంటే మాట రాలేదు. ఒడ్డున పడౌక్ చెట్లు, ఎర్ర చేవ. అది మన పెద్దేగికీ ఎర్రచందనానికీ దగ్గరి చుట్టమే, ఒకే ప్రజాతి.

ఇంకా ఉత్తరాన డిగ్లీపూర్ దాకా వెళ్ళాం. కాలీపూర్ తీరంలో నాలుగు రకాల సముద్ర తాబేళ్ళు వచ్చి గుడ్లు పెడతాయి. ఆ వైపు తీరంలో ఒకచోట చచ్చిన పగడాలు నీళ్ళకు పైన ఎండిపోయి ఉన్నాయి. 2004 డిసెంబర్ 26 భూకంపానికి ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరుకు పైగా పైకి లేచింది. దక్షిణాన గ్రేట్ నికోబార్ చివర ఇందిరా పాయింట్ దాదాపు నాలుగు మీటర్లు కుంగింది. అక్కడి లైట్‌హౌస్ మొదలు నీళ్ళలో నిలబడింది. ఒక చివర లేచి ఇంకో చివర మునిగింది మొత్తం దీవుల వరుస. లేచిన చోట పగడాలు గాలి తగిలి చచ్చాయి, మునిగిన చోట నికోబారీల కొబ్బరి తోటలు, ఊళ్ళు పోయాయి. వేలమంది పోయారు. కానీ లిటిల్ అండమాన్‌లో ఒంగే ఆదివాసులు, సముద్రం వెనక్కి పోవడం చూడగానే ఎత్తుకు ఎక్కేశారు. అప్పటికి వాళ్ళు వందలోపు మంది. అందరూ బతికారు. చదువుకున్నవాళ్ళం మనం, ఆ రోజు సముద్రం వెనక్కి పోయిందని చేపలు ఏరడానికి కిందికి దిగినవాళ్ళున్నారు.

ఆ దీవుల్లో జ్ఞానం ఎక్కడుందో చెప్పడానికి ఇంకొకటి చెప్తాను. తేనె తీసేటప్పుడు మన నల్లమలలో చెంచులు పొగ పెడతారు. ఒంగేలూ జరావాలూ ఏలకుల కుటుంబానికి చెందిన ఒక మొక్క ఆకులను నమిలి, ఆ రసాన్ని ఒంటికి పూసుకొని, పట్టు మీద ఊదుతారు. తేనెటీగలు తప్పుకుంటాయి. ఆ మొక్క గుణాన్ని కనిపెట్టినవాళ్ళకు ఏ లేబొరేటరీ లేదు. నా క్లాసులో ఈ సంగతి చెప్పే అవకాశం నాకు రాలేదు, ఇప్పుడైనా చెప్తున్నాను.

సరే, ఇప్పుడు జిర్కటాంగ్.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఉత్తరానికి పోయే పెద్ద రోడ్డు జరావాల రిజర్వు మధ్య నుంచి పోతుంది. జిర్కటాంగ్ దగ్గర పోలీసు గేటు. తెల్లవారుజామునే బండ్లు వరుసకట్టి నిలబడతాయి. అక్కడ ఐదింటికే తెల్లవారుతుంది. గేటు తెరిచాక ముందూ వెనకా పోలీసు బండ్లతో అన్నీ కలిసి కాన్వాయ్‌గా కదులుతాయి. ఆగొద్దు, ఓవర్‌టేక్ చేయొద్దు, ఫొటో తీయొద్దు, ఏమీ ఇవ్వొద్దు. బోర్డు మీద హిందీలో, ఇంగ్లీషులో రాసే ఉంటుంది. 1956 నాటి చట్టం ఉంది, ఫొటో తీస్తే జైలు శిక్ష ఉంది.

మా వ్యానులో ఉన్నది అందరూ మన జిల్లాలవాళ్ళే. రిటైరైన ఉద్యోగులు, షాపులవాళ్ళు, ఇద్దరు డాక్టర్లు. భక్తిపరులు, దానధర్మాలు చేసేవాళ్ళు. గేటు దాటిన కొంతసేపటికి రోడ్డు పక్కన ఒక ఆడమనిషి, ఇద్దరు పిల్లలు. నడుముకూ మెడకూ ఎర్ర నూలు. వ్యాను మొత్తం ఒక్కసారి ఒక పక్కకు ఒరిగింది. "అదిగో, అదిగో" అని కేకలు. సీట్ల కింద నుంచి ఫోన్లు బయటికి వచ్చాయి. ముందు బండిలోంచి ఎవరో బిస్కెట్ పాకెట్ విసిరారు. పెద్ద పిల్లవాడు దాని వైపు ఒక అడుగు వేశాడు, తల్లి చేయి పట్టి వెనక్కి లాగింది. వెనక సీటులో ఒకాయన ఈల వేశాడు, కుక్కపిల్లను పిలిచినట్టు.

అదంతా కొన్ని క్షణాలే. మీకు నేను చెప్పాలనుకున్నది దాని తర్వాత జరిగింది. బారాటాంగ్‌లో రేవు దగ్గర హోటల్లో భోజనానికి కూర్చున్నాం. మా బృందంలో ఒక పెద్దమనిషి, రోజూ విష్ణుసహస్రనామం చదివే మనిషి, టూర్ నిర్వాహకుడితో గొడవ పెట్టుకున్నాడు. "ఇంత డబ్బు కట్టించుకున్నావు, ముగ్గుర్నే చూపించావు. కరపత్రంలో జరావాలని రాశావు కదా" అని. నిర్వాహకుడు బతిమాలుతూ, "తిరిగొచ్చేటప్పుడు తప్పకుండా కనపడతారు సార్, మధ్యాహ్నం ఎక్కువమంది వస్తారు" అన్నాడు. పక్కవాళ్ళంతా సరే అని తలూపారు. నా నోట్లో ముద్ద దిగలేదు. ముగ్గుర్నే చూపించావు! ఆ మాట ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తుంది. మంచివాళ్ళు అన్న మాట అది. అదే నా బాధ.

మనం బండ్లలోంచి చూసిన ఆ మనుషులు ఎవరో కొంచెం తెలుసుకోండి. 2011 జనాభా లెక్కల్లో జరావాలు 380 మంది. మన దగ్గర ఒక పెద్ద పెళ్ళికి అంతకంటే ఎక్కువమంది వస్తారు. 1990ల చివరిదాకా బయటివాళ్ళను బాణాలతో ఆపినవాళ్ళు. 1996లో కాలు విరిగిన ఒక జరావా పిల్లవాడిని పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో నయం చేసి పంపారు. మరుసటి ఏడు వాళ్ళు ఆయుధాలు లేకుండా బయటికి రావడం మొదలైంది. 1999లోనే వాళ్ళకు తట్టు సోకింది. మన పిల్లలకు టీకాతో పోయే జబ్బు.

తట్టు అంటే ఆ దీవుల్లో ఏమిటో గ్రేట్ అండమానీలనే ఇంకో ఆదివాసీ తెగను అడగాలి. కానీ అడగడానికి పెద్దగా ఎవరూ మిగల్లేదు. 1858లో బ్రిటిష్‌వాళ్ళు ఖైదీల వలస పెట్టేనాటికి వాళ్ళు ఐదు వేలకు పైనే ఉన్నారని అంచనా. 1859 మేలో పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ దగ్గర విల్లంబులతో తిరగబడ్డారు. వాళ్ళతోనే ఒక ఏడాది ఉండి, వాళ్ళ పిల్లనే చేసుకున్న దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ముందే పోయి బ్రిటిష్‌వాళ్ళకు చెప్పేశాడు. ఆయనకు క్షమాభిక్ష దొరికింది. వాళ్ళు ఓడిపోయారు. తర్వాత 1877లో తట్టు వచ్చింది. 2011లో వాళ్ళు 44 మంది. వాళ్ళ భాషల్లో ఒకటైన బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోయింది. అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా ఆమెకు తన భాషలో మాట్లాడటానికి మనిషి లేడు. అమ్మా, వెనక వరుసలో కూర్చున్న పెద్దమ్మా, ఒక్కసారి ఊహించుకోండి.

ఆ రోడ్డును రిజర్వు గుండా పోయే భాగంలో మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఇప్పటికీ నడుస్తోంది. 2012లో జరావా ఆడవాళ్ళ చేత తిండి ఆశ పెట్టి నాట్యం చేయించిన వీడియో బయటపడి ప్రపంచమంతా చూసింది. అప్పుడు మనమూ ఛీ అన్నాం. అన్నవాళ్ళలో కొందరు మా వ్యానులోనే ఉన్నారని నా అనుమానం.

ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను. ఇక్కడ మేడారం పోనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? చేయి ఎత్తండి. చూశారా, ఒకరిద్దరు. గురువారం సాయంత్రం సమ్మక్క తల్లిని చిలుకలగుట్ట నుంచి తెస్తారు. లక్షల జనం. తొక్కిసలాట అవుతుందేమో అన్నంత జనం. అయినా గుట్ట మీద పూజ దగ్గరికి ఎవరు పోతారు? కోయ పూజారులు. ఆ పూజ ఎట్లా ఉంటుందో మనకు తెలియదు. మా నాయన చూడలేదు, ఆయన నాయన చూడలేదు. కింద నిలబడి ఎదురుచూశారు. తుపాకీ పేలిన చప్పుడు వినపడగానే దండం పెట్టారు. 'టికెట్ పెట్టండి, గుట్ట మీది పూజ మేమూ చూస్తాం' అని ఎవడైనా అంటే మనం ఊరుకుంటామా? ఊరుకోం. అది కోయవాళ్ళది, మనది కాదు అని ఈ జిల్లాల్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. చూడకుండా ఉండటం మనకు చేతకానిది కాదు. తరతరాలుగా చేస్తున్నాం. మరి అదే మనం వెయ్యి మైళ్ళు పోయి, ఒక తల్లి చేతిలోని పిల్లవాడికి ఈల వేస్తామా?

ఆదిలాబాద్ మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఉన్న సంగతి మీకు తెలుసు. 1940లో కొమురం భీం చనిపోయాక నిజాం సర్కారు పంపితే వచ్చినవాళ్ళు. కానీ గోండుల మధ్యే బతికారు, వాళ్ళ భాష నేర్చారు, గోండి బడులు పెట్టించారు. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. మనిషిని మనిషి తెలుసుకోవాలంటే అంత బతుకు పెట్టాలి. బస్సు కిటికీలోంచి కాదు.

టైమ్ అయిందని చీటీ ఇచ్చారు. రెండు నిమిషాలు, అయ్యా. గ్రేట్ నికోబార్ మాట చెప్పకుండా దిగిపోతే నా మనసు ఒప్పుకోదు. అక్కడ షోంపెన్ ఆదివాసులు 2011 లెక్కల్లో 229 మంది. గలాథియా బేలో భారీ రేవు, ఎయిర్‌పోర్టు, టౌన్‌షిప్ కట్టడానికి 2022లో అనుమతులు వచ్చాయి. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల వానాడవి పోతుంది. ఆ తీరం లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు. దేశ రక్షణకు అవసరమంటారు, దాని మీద వాదించే చదువు నాకు లేదు. కానీ ఆ అడవికి బదులుగా హర్యానాలో చెట్లు నాటుతామన్నారు. బోటనీ చదివినవాడిగా చెప్తున్నాను, అది బదులు కాదు. ఆ అడవిలోని మొక్కల్లో కొన్ని భూమ్మీద ఇంకెక్కడా లేవు. ఇక్కడ యువ అడ్వొకేట్లు కనపడుతున్నారు, దయచేసి ఆ కాగితాలు తెప్పించుకొని చదవండి.

అండమాన్ వెళ్ళొద్దని నేను అనను. వెళ్ళండి. హావ్‌లాక్‌లో అమావాస్య రాత్రి నీళ్ళలో చేయి పెడితే వెలుగు వస్తుంది, పిల్లలకు చూపించండి. డిగ్లీపూర్, రంగత్ వెళ్ళాలంటే పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రభుత్వ ఓడలున్నాయి. మా ఆవిడా నేనూ తిరుగు ప్రయాణంలో వ్యాను దిగిపోయి, డిగ్లీపూర్ దగ్గరి ఏరియల్ బేలో ఓడ ఎక్కి వచ్చేశాం. ఆలస్యమవుతుంది, పడుకోవడానికి అంత బాగుండదు, అంతే తేడా.

ఈ హాల్లో ట్రావెల్స్ నడిపేవాళ్ళు నలుగురైనా ఉన్నారు, ముఖాలు నాకు తెలుసు, కొందరు నా స్టూడెంట్లే. బిడ్డా, మీ కరపత్రంలో 'జరావా' అన్న లైను తీసేయండి. ఓడ దారి పెట్టండి, రెండు వేలు ఎక్కువ తీసుకోండి, ఇస్తారు. డబ్బు కట్టేవాళ్ళు కూడా కట్టే ముందు ఏ దారిలో తీసుకుపోతారో అడగండి. సంక్రాంతి సెలవుల బుకింగులు ఇప్పటికే మొదలయ్యాయి, అందుకే ఈ మాట ఈ సభలోనే చెప్పాల్సి వచ్చింది. నమస్కారం.