ఆపరేషన్‌కు ముందు బరువు చూసుకున్నారా?

శ్రోతలందరికీ నమస్కారం. ఆపరేషన్ అనగానే మన ఆలోచనంతా తర్వాతి రోజుల మీదికే పోతుంది. ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఎన్నాళ్లకు లేచి తిరుగుతారు అని. ఇవాళ నేను ముందు రోజుల గురించి మాట్లాడతాను.

మా నాన్నగారికి కడుపు ఆపరేషన్ ఖాయమయ్యేనాటికి చేతి వాచీ సగం మోచేతి దాకా జారేది. బెల్టుకు మేకుతో ఇంకో రెండు బెజ్జాలు కొట్టుకున్నారు. స్కానింగ్ కాగితాలు, రక్తపరీక్షల రిపోర్టులు అన్నీ ఫైల్లో సర్దుకుని వెళ్లాం గానీ, ఆయన ఎన్ని కిలోలు తగ్గారో డాక్టరుగారికి చెప్పాలని మాలో ఒక్కరికీ తోచలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఎందుకంటే ఈ సంగతి ఎప్పుడో 1936లోనే తేలింది. అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో హైరమ్ స్టడ్లీ అనే సర్జన్, కడుపులో పుండుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల వివరాలు ముందేసుకుని కూర్చున్నాడు. అంతకుముందు తమ బరువులో 20 శాతానికి మించి తగ్గిపోయినవాళ్లలో 33 శాతం మంది ఆపరేషన్ తర్వాత చనిపోయారు. అంత తగ్గనివాళ్లలో చనిపోయింది మూడున్నర శాతమే. మళ్లీ చెబుతున్నాను, ముప్పై మూడెక్కడ, మూడున్నరెక్కడ! ఆయనకు దారి చూపింది మామూలు బరువు తూచే మిషన్.

కోత పడిన ఒంటికి కొత్త కండ అల్లుకోవడానికి, క్రిములతో పోరాడటానికి ప్రొటీన్ కావాలి. తిండి నుంచి చాలినంత అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది. అలా కరిగేవాటిలో ఊపిరి పీల్చే కండరాలూ ఉంటాయి. అవి నీరసిస్తే గట్టిగా దగ్గి కఫం బయటికి తెచ్చుకోలేరు, అక్కడి నుంచి న్యుమోనియా దాకా పోవచ్చు. లావుగా ఉన్నవాళ్లకు ఈ భయం లేదనుకోకండి, కొవ్వు ఉన్నా లోపల కండ తగ్గిపోయి ఉండొచ్చు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. బరువు రాసి పెట్టుకోండి. ఆరు నెలల కిందట ఎంత, ఇప్పుడెంత? 60 కిలోల మనిషి తనంతట తాను ప్రయత్నించకుండానే 53కి వచ్చారంటే 10 శాతం దాటినట్టే. డాక్టరు అడిగేదాకా ఆగకండి, మీరే చెప్పండి. అంతగా తగ్గినవాళ్లకు, ఆపరేషన్ ఆగగలిగేదైతే, 7 నుంచి 14 రోజులు పోషకాహారం ఇచ్చి ఆ తర్వాత చేయడం మంచిదని ఈ రంగంలోని నిపుణులే చెబుతున్నారు. కిడ్నీ జబ్బో షుగరో ఉంటే ఏం తినాలో, ఎంత తినాలో మీ డాక్టరునే అడగండి, సొంతంగా పొడులు కొనుక్కుని తాగేయకండి.

ఇంకొక్క మాట. టెన్షన్‌తో ముందురోజు పొద్దుటి నుంచే తిండి మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అంత అవసరం లేదు. మామూలుగా అయితే మత్తుకు 6 గంటల ముందు తిండి, 2 గంటల ముందు మంచినీళ్లు ఆపితే చాలు. కొందరికి ఇంకా ముందే ఆపమంటారు, కాబట్టి మత్తు డాక్టరును టైము అడిగి, బరువు రాసుకున్న కాగితం మీదే అదీ రాసుకోండి.