దారం తెగకముందే

శ్రోతలకు నమస్కారం.

మా మేనత్త బ్రహ్మపురంలో పట్టు నేసే ఇంటి కోడలు. చిన్నప్పుడు వేసవి సెలవులకు పర్లాకిమిడి నుంచి వెళ్ళినప్పుడల్లా ఆమె రాట్నం పక్కన చేరేవాణ్ణి. కుడిచేయి రాట్నం తిప్పుతుంటే, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య నుంచి దారం జారుతూ కండెకు చుట్టుకునేది. ఎక్కడో చిక్కు ఉందనుకోండి, అది నా కంటికి కనబడకముందే ఆమె చేతిలో చక్రం ఆగిపోయేది. "నీకెలా తెలిసింది అత్తా?" అని అడిగితే, "వేలికి తెలుస్తుంది నాన్నా. లాగితే తెగుతుంది, వదిలేస్తే ముడిపడుతుంది" అనేది.

నలభై ఏళ్ళు దాటాక ఆ మాట మళ్ళీ విన్నాను, చైనా వ్యాయామ విద్య గురించి చెబుతున్నవారి నోట. తాయ్‌చీ అనే, యుద్ధవిద్యగా పుట్టి నెమ్మదైన కదలికలతో సాగే ఆ సాధనలో శరీరపు కదలికను పట్టుగూటి నుంచి దారం తీయడంతో పోలుస్తారు. హఠాత్తుగా లాగితే తెగుతుంది, మధ్యలో ఆగితే చిక్కుపడుతుంది. చెన్ కుటుంబపు పద్ధతిలో ఆ బలానికి 'చాన్‌సుజిన్' అని పేరు. పట్టుదారాన్ని చుట్టే బలం అని అర్థం. పట్టు నేసే ఊరివాళ్ళకు ఇంతకంటే వివరించనక్కరలేదు.

కానీ నేను మొదట వెళ్ళిన చోట ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఈ రోజు నేను మైకు ముందు కూర్చున్నది దాని కోసమే.

మా వైపు ఒక పట్టణంలో పది రోజుల తాయ్‌చీ శిబిరం పెట్టారు. ఎవరు పెట్టారన్నది వదిలేద్దాం. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. మొదటి రోజే తొడలు నేలకు సమాంతరంగా వచ్చేదాకా మోకాళ్ళు వంచి నిలబడమన్నారు. అలా నిలబడే ఒక పక్కకు తిరగమన్నారు. మూడో రోజు కుడి మోకాలి లోపలివైపు సూది గుచ్చినట్టయింది. చెప్పాను. "పాత రోగం కదులుతోంది, బయటికి పోతుంది, ఆపకండి" అన్నారు. గురువు మాటకు ఎదురు చెప్పకూడదని పెరిగినవాణ్ణి. మిగిలిన ఏడు రోజులూ చేశాను. ఇంటికొచ్చేసరికి మోకాలు బూరెలా ఉబ్బింది. మూడు నెలలు నేల మీద కూర్చుని అన్నం తినలేకపోయాను.

ఆ మాటే నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. మోకాలు నయమైంది. కానీ నొప్పి మంచిదేనని ఒక మనిషి అంత ధీమాగా చెప్పడం, నేను అంత తేలిగ్గా నమ్మడం, ఇవి మాత్రం మరపు రావు.

మోకాలు ఒక వైపుకే మడిచే తలుపు బందు లాంటిది. కాలిని వెనక్కి మడుస్తుంది, మళ్ళీ తిన్నగా చాపుతుంది. తుంటి కీలు అలా కాదు, గిన్నెలో గుండులా అన్ని వైపులకూ తిరుగుతుంది. తాయ్‌చీలో తిరగడమంతా తుంటి దగ్గర జరగాలి. పాదం నేలకు అతుక్కుని ఉండి, ఒంటి బరువంతా ఆ కాలి మీదే ఉండగా నడుము తిరిగితే, ఆ మెలిక పోయేది మోకాలికే. అందుకే మోకాలు ఎప్పుడూ పాదం వేళ్ళు చూసే వైపే చూడాలి, లోపలికి కూలిపోకూడదు, బొటనవేలి కొసను దాటి ముందుకు పోకూడదు. పాదం తిప్పాలంటే ముందు ఆ కాలి మీది బరువు తీయాలి. ఎంత కిందికి వంగాలన్నది ఎవరి తొడ బలాన్ని బట్టి వారికి. నాలుగు వేళ్ళ మేర వంగినా విద్య విద్యే. ఇంతమాత్రం మొదటి గంటలో చెప్పని మనిషి దగ్గర రెండో గంట ఉండనక్కరలేదని నేను గట్టిగా నమ్ముతాను.

2016లో అమెరికాలో ఒక అధ్యయనం వెలువడింది. మోకాలి కీళ్ళు అరిగిన 204 మందిని తీసుకుని, కొందరి చేత 12 వారాలు తాయ్‌చీ, మిగతావారి చేత ఫిజియోథెరపీ చేయించారు. రెండు జట్లకూ నొప్పి ఇంచుమించు ఒకేలా తగ్గింది. నా మోకాలిని చెడగొట్టిందీ, ఆ మోకాళ్ళకు ఉపశమనం ఇచ్చిందీ ఒకే పేరున్న విద్య. నేర్పినవారి చెయ్యి వేరు, అంతే. 2012లో పార్కిన్సన్ వ్యాధి ఉన్న 195 మందిపై జరిగిన మరో అధ్యయనంలోనూ తాయ్‌చీ చేసినవారు తూలకుండా నిలబడటంలో మెరుగయ్యారు. వారానికి రెండుసార్లు, గంటసేపు, 24 వారాలు. చూశారా, నెలల తరబడి, నెమ్మదిగా. పది రోజుల శిబిరం కాదు.

చైనావారు 'నెయ్‌జియా' అని, అంటే లోపలి విద్యలని పిలిచే వాటిలో ముఖ్యమైనవి మూడు: తాయ్‌చీ, శింగ్‌యీ, బాగువా. ఒట్టి కండబలం మీద ఆధారపడకుండా ఒళ్ళంతా ఒక్కటిగా కదిలే తీరును, శ్వాసను, మనసు నిలకడను సాధన చేస్తాయి కాబట్టి ఆ పేరు. వీటిలో తాయ్‌చీ హెనాన్ రాష్ట్రంలోని చెన్ కుటుంబపు గ్రామంలో పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో యాంగ్ లూచాన్ అనే ఆయన అక్కడ చెన్ చాంగ్‌షింగ్ దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకుని, తరువాత పెకింగులో నేర్పాడు. ఇవాళ ఉద్యానాల్లో ముసలివారు చేసే 24 భంగిమల వరసను 1956లో చైనా ప్రభుత్వ క్రీడా విభాగం కూర్పించింది, జనమంతా తేలిగ్గా నేర్చుకోవాలని. 2020లో యునెస్కో తాయ్‌చీని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవన్నీ దాపరికం లేని విషయాలు. కాబట్టి మీ ఊరికి వచ్చిన గురువును "మీరు నేర్చుకున్నది ఏ పద్ధతి, ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు?" అని అడగడం అపచారం కాదు. నిజంగా నేర్చుకున్నవారు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు, తమ గురువుల గురించి చెప్పుకునే అవకాశం వచ్చింది కదా. ముఖం మాడ్చుకునేవారిని అక్కడే వదిలేయండి. గోడ మీద చైనా పెద్దాయనతో దిగిన ఫోటో ఉంటే సరిపోదు. ఫోటోకు ఒక క్షణం చాలు, చదువుకు ఏళ్ళు కావాలి. తాయ్‌చీలో మూడు నెలల్లో బ్లాక్ బెల్ట్ ఇస్తామనేవారు కూడా ఉన్నారు. ఆ నడుం పట్టీలు జూడో, కరాటేల ఆనవాయితీ. సంప్రదాయ తాయ్‌చీలో అవి లేవు.

మనవాళ్ళకు బలప్రదర్శన అంటే ఇష్టం. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచిన కథ వినకుండా ఈ ప్రాంతంలో ఎవరు పెరిగారు? అందుకే ఎవరైనా వేలు ఆనించగానే శిష్యుడు పది అడుగుల దూరం ఎగిరి పడ్డాడంటే గుంపు కడతాం. దయచేసి ఒక్కటి గమనించండి. ఎగిరి పడేది ఎప్పుడూ ఆయన శిష్యులే. గురువును గొప్పగా చూపించాలన్న ప్రేమతో ఒళ్ళు తనంతట తానే ఎగురుతుంది, ఆ శిష్యుడికే తెలియకుండా. 2017లో చెంగ్దూ నగరంలో తాయ్‌చీ గురువునని చెప్పుకున్న వెయ్ లెయ్, పోటీ యుద్ధాల్లో ఆరితేరిన షూ షియావోదోంగ్‌తో తలపడ్డాడు. అర నిమిషం కూడా నిలవలేదు. దాంతో తాయ్‌చీ బూటకమని తేలిపోలేదు. పరాయివాడి ముందు పరీక్షకు పెట్టని మహిమను నమ్మి డబ్బు కట్టకూడదని తేలింది.

మా తాతగారి కాలంలో పర్లాకిమిడి వీధుల్లో గరిడీ ఉండేది. ఒడియావారి అఖడా, మన గరిడీ పక్కపక్కనే. కర్రసాము నేర్పే ఉస్తాదు జ్వరం కళ్ళతో వచ్చిన కుర్రవాణ్ణి గుమ్మంలోనే ఆపి ఇంటికి పంపేసేవాడట. కొత్తవాడి చేతికి నెలల తరబడి కర్ర ఇచ్చేవాడు కాదట, నడక కుదిరేదాకా. తల్లులు వచ్చి అరుగు మీద కూర్చుని చూసేవారు, తలుపులు మూసిన రోజు లేదు. కొత్త విద్య చైనాదైనా, దాని గురువును తూచడానికి మన దగ్గర తరతరాల తక్కెడ ఉంది. దూరదేశపు పేరు వినగానే దాన్ని ఎందుకు అటక మీద పెట్టేస్తున్నామో నాకు అర్థం కాదు.

ముఖ్యంగా ఆడవారు, పిల్లలు వెళ్ళే చోట ఈ తక్కెడ తప్పనిసరి. భంగిమ సరిదిద్దడానికి ఒంటి మీద చెయ్యి వేయాల్సి వస్తే ముందు అడగాలి, వద్దంటే నోటితో చెప్పాలి. విడిగా గదిలో రహస్య పాఠం అంటే వెళ్ళవద్దు. ఇంట్లో చెప్పవద్దన్న రోజే ఇంట్లో చెప్పాలి.

భాష గురించి కూడా చెప్పాలి, మన సరిహద్దు జిల్లాల వారికి ఇది పెద్ద విషయం. గురువు ఒడియాలోనో హిందీలోనో చెబుతాడు, పదం చైనాది, మనం తెలుగులో అర్థం చేసుకుంటాం. మూడు భాషల మధ్య ఒంటికి హాని చేసే పొరపాట్లు దొర్లుతాయి. శ్వాసను 'దాన్‌త్యెన్'కు, అంటే బొడ్డు కింది భాగానికి దించమంటారు. చాలామంది కడుపు బిగించి ఊపిరి ఆపేస్తారు. రక్తపోటు ఉన్నవారు అలా చేస్తే పోటు పెరుగుతుంది. దించడమంటే బిగించడం కాదు, పసిపాప నిద్రలో పొట్ట ఎలా లేస్తూ దిగుతూ ఉంటుందో అలా ఉండనివ్వడం. 'సుంగ్' అనే మరో మాట ఉంది, ఈ విద్యంతా దాని మీదే నిలిచింది. వదులు అని అనువదిస్తే కొందరు గోనెసంచిలా కూలబడతారు. మగ్గం మీది పడుగును గుర్తు తెచ్చుకోండి. బిగిస్తే పోగులు తెగుతాయి, సడలితే నేత రాదు. ఆ మధ్యన ఉన్నదే సుంగ్. అర్థం కాకపోతే నాలుగుసార్లు అడగండి. నాలుగోసారి విసుక్కోని మనిషే మీకు కావలసిన గురువు.

కదలకుండా చెట్టులా నిలబడే సాధన ఒకటి ఉంది, 'జాన్‌జువాంగ్' అంటారు. మోకాళ్ళు బిర్రుగా బిగించి చాలాసేపు నిలబడితే రక్తం కాళ్ళలోనే నిలిచి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. రెండు నిమిషాలతో మొదలుపెట్టాలి, పక్కన కుర్చీ ఉండాలి. మన వేసవిలో ఎండ ముదరకముందే ముగించాలి. మధుమేహంతో పాదాలు తిమ్మిరెక్కినవారు చెప్పులు లేకుండా గులకరాళ్ళ మీద చేయకూడదు. వేసుకుంటున్న మాత్రలు మానేయమన్న గురువు వైద్యుడు కాదు, ఆయన మాట వినవద్దు.

చీగోంగ్ అనే శ్వాస సాధనలో మరో ప్రమాదం ఉంది. దాని గురించి చైనావారు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. గంటల తరబడి, అదుపు లేకుండా చేస్తే కొందరికి నిద్ర పట్టదు, లేని మాటలు వినిపిస్తాయి, కారణం లేని భయం పట్టుకుంటుంది. 'నిప్పు దారి తప్పి దయ్యం చొరబడటం' అని అక్కడి నానుడి. 1980లలో చైనా అంతటా చీగోంగ్ వెర్రి నడిచినప్పుడు ఇలాంటివారు వైద్యుల దగ్గరికి వచ్చారు. 1994లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోనూ ఈ స్థితిని చేర్చారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే, శక్తి మేలుకొంటోందని మురిసిపోవద్దు, మంత్రగాడి దగ్గరికీ తీసుకెళ్ళవద్దు. సాధన ఆ రోజే ఆపించి మానసిక వైద్యుడికి చూపించండి.

నాకు రెండో గురువు దొరకడానికి రెండేళ్ళు పట్టింది. విశాఖపట్నంలో, అరవై దాటిన ఒక మహిళ. మొదటి రోజు ఏమీ నేర్పలేదు. ఏ మాత్రలు వాడుతున్నారు, ఎక్కడ పడ్డారు, మెట్లు ఎక్కితే నొప్పా, దిగితే నొప్పా అని అడిగారు. బాగువా కూడా నేర్పుతారా అంటే "నాకు రాదండీ" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆమె మీద గురి కుదిరింది. నెలపాటు బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడమే చేయించారు. ఒకనాడు నేను చెప్పకుండానే "ఆగండి" అన్నారు. "మోకాలు లోపలికి వస్తోంది, ఇంకాసేపటికి మీకు తెలిసేది" అన్నారు. అత్త చేతిలో రాట్నం ఆగినట్టే అనిపించింది నాకు.

రాయగడలోనో గుణుపురంలోనో జయపురంలోనో మీ వీధి చివర ఇలాంటి తరగతి మొదలైతే, వెంటనే డబ్బు కట్టకండి. ఒక రోజు వెళ్ళి పక్కన కూర్చుని చూడండి. గురువును కాదు, ఆయన దగ్గర ఐదారేళ్ళుగా నేర్చుకుంటున్న ముసలివారిని చూడండి. తరగతి అయ్యాక వారు మెట్లు దిగుతారు కదా, ఆ దిగడం చూడండి. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, మూలుగుతూ దిగుతున్నారా? మాట్లాడుకుంటూ, కింద ఏముందో చూసుకోకుండానే పాదం మోపుతున్నారా? అది చూశాక మర్నాడు మీ చెప్పులు ఆ గుమ్మం దగ్గర విడవాలో వద్దో మీకే తెలుస్తుంది.

నమస్కారం.