స్కూల్ బోర్డ్ క్యాండిడేట్ చెప్పేవాటిలో ఎన్ని ఆవిడ చేతిలో ఉన్నాయి?

(కిచెన్ కౌంటర్ దగ్గర, చేతిలో రంగుల కార్డు)

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఈ కార్డు మొన్న మెయిల్ బాక్స్‌లో పిజ్జా కూపన్ల మధ్యలో దొరికింది, రీసైకిల్ డబ్బాలో పడేయబోయాను కూడా, తీరా చూస్తే మన స్కూల్ బోర్డ్‌కి పోటీ చేస్తున్న ఒకావిడ ఫ్లయర్. పేరు చెప్పను, ఆవిడకి ఓటెయ్యండి అనో వద్దు అనో చెప్పే వీడియో కాదిది. వెనకాల ప్రయారిటీలు అని ఐదు వేసింది: టీచర్ల జీతాలు పెంచుతా, ఏ స్కూలూ మూయనివ్వను, ట్యాక్స్ తగ్గిస్తా, పిల్లల సేఫ్టీ, పేరెంట్స్ మాటకి విలువ. చదవగానే అబ్బ బాగుందే అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఇందులో ఆవిడ చేతిలో ఉన్నవెన్ని, స్టేట్ క్యాపిటల్ ఆస్టిన్‌లో కూర్చున్నవాళ్ళ చేతిలో ఉన్నవెన్ని అనేది చూద్దాం. నేనుండేది డాలస్‌కి ఉత్తరాన కాబట్టి టెక్సస్ సంగతే చెప్తా, న్యూజెర్సీ వాళ్ళు, కాలిఫోర్నియా వాళ్ళు మీ రూల్స్ వేరే, కామెంట్లలో నా మీద పడకండి.

(స్క్రీన్ మీద: బోర్డ్ మీటింగ్ హాలు బొమ్మ, ఏడు కుర్చీలు)

ఇక్కడ బోర్డులో మామూలుగా ఏడుగురు ట్రస్టీలు, అంటే బోర్డు మెంబర్లు, డాలస్ లాంటి పెద్ద డిస్ట్రిక్ట్‌లో తొమ్మిది మంది. డిస్ట్రిక్ట్ అంటే జిల్లా కాదు, ఒక బోర్డు కింద ఉండే స్కూళ్ళన్నీ. జీతం లేదు, ఒక్క డాలర్ కూడా. సూపరింటెండెంట్‌ని పెట్టుకోవడం, బడ్జెట్ పాస్ చెయ్యడం, ట్యాక్స్ రేటు, పాలసీలు, ఇవీ వాళ్ళ పనులు. స్కూళ్ళు రోజూ నడిపేది సూపరింటెండెంటే. మీ అమ్మాయికి మ్యాథ్ సరిగ్గా చెప్పట్లేదని ట్రస్టీకి ఫోన్ చేస్తే వినడం తప్ప ఆవిడ పెద్దగా చేసేదేం ఉండదు, ఎందుకంటే ఒక్క ట్రస్టీకి విడిగా ఏ పవరూ లేదు, మీటింగ్‌లో మెజారిటీ ఓటు పడితేనే ఏదైనా జరిగేది. అందుకే కార్డు మీద "నేను మూయనివ్వను" అంటే నాకు ముందు ఆ "నేను" దగ్గరే డౌట్ వస్తుంది, మిగతా ఆరుగురి సంగతేంటమ్మా అని.

ఇప్పుడు అసలు కథ, డబ్బులు.

(స్క్రీన్ మీద: 6,160 → 6,215)

స్టేట్ ఒక్కో పిల్లాడికి ఇంత అని పెట్టే బేస్ అమౌంట్‌ని బేసిక్ అలాట్‌మెంట్ అంటారు. 2019లో 6,160 డాలర్లు చేశారు, తర్వాత ఆరేళ్ళు కదల్లేదు. 2025లో పెద్ద స్కూల్ ఫండింగ్ బిల్లు పాసయింది, అందులో ఈ బేస్‌కి కలిపింది 55 డాలర్లు. అప్పటి సోనామసూరి బస్తా రేటెంత, ఇప్పుడెంత, మీకే తెలుసు, లెక్క నేను చెప్పక్కర్లేదు. అదే బిల్లులో టీచర్లకి మాత్రం విడిగా ఇచ్చారు, 5,000 మంది పిల్లలు దాటిన డిస్ట్రిక్ట్‌లో మూడు నాలుగేళ్ళ అనుభవం ఉంటే 2,500, ఐదేళ్ళు దాటితే 5,000 డాలర్లు. అంటే టీచర్ల జీతం కొంత ఆల్రెడీ ఆస్టిన్ పెంచేసింది. క్యాండిడేట్‌ని అడగాల్సింది స్కూల్ కౌన్సెలర్, నర్స్, బస్ డ్రైవర్ సంగతి, ఆ పెద్ద పెంపు క్లాస్‌రూమ్ టీచర్లకే కాబట్టి.

ఇంకో విషయం, ఇది మన తెలుగువాళ్ళు జాగ్రత్తగా వినాలి. టెక్సస్‌లో స్టేట్ డబ్బులు ఎంతమంది చేరారు అని చూసి ఇవ్వరు, రోజూ సగటున ఎంతమంది వచ్చారు అని చూసి ఇస్తారు. రోజూ ఒక ఫిక్స్‌డ్ టైముకి హాజరు తీస్తారు, ఆ నిమిషానికి క్లాసులో ఉన్నాడా లేదా అంతే. 6,215ని స్కూల్ రోజులు ఒక 175 అనుకుని భాగించండి, రోజుకి 35 డాలర్ల పైన, రఫ్‌గా నా లెక్క. ఇప్పుడు మనం డిసెంబర్ సెలవలకి ఇండియా వెళ్తాం, టికెట్ చీప్‌గా ఉందని వారం ముందే బయల్దేరతాం, అమ్మమ్మేమో సంక్రాంతి చూసుకుని వెళ్ళండే అంటుంది, అటో వారం ఇటో రెండు వారాలు, పదిహేను స్కూల్ రోజులు పోయినట్టే. ఒక్కో పిల్లాడి మీద 500 డాలర్ల పైన డిస్ట్రిక్ట్‌కి రాకుండా పోయినట్టు, కానీ ఆ క్లాసులో టీచరు, ఏసీ, బస్సు అన్నీ నడుస్తూనే ఉన్నాయి. మేమూ చేశాం అండి, పెద్దోడు థర్డ్ గ్రేడ్‌లో ఉన్నప్పుడు, నీతులు చెప్పట్లేదు. అటెండెన్స్ పెంచుతా అని రాసిన ఫ్లయర్ మాత్రం నాకింతవరకు కనపడలేదు, బోర్ కొట్టే టాపిక్ కదా.

(స్క్రీన్ మీద: రెండు పర్సులు)

ట్యాక్స్‌కొద్దాం. మీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో స్కూల్ వాటా చూస్తే లోపల రెండు రేట్లు ఉంటాయి. ఒకటి నడిపే ఖర్చు, జీతాలు కరెంటు అవీ, ఇంకోటి అప్పు తీర్చేది, బిల్డింగులకి బాండ్ వేసి తెచ్చిన అప్పు. ఆ అప్పు పర్సులోది జీతాల పర్సులోకి మార్చకూడదు. డాలస్ దగ్గరే ఉన్న ఆలెన్‌లో 2012లో 6 కోట్ల డాలర్లతో హైస్కూల్ ఫుట్‌బాల్ స్టేడియం కట్టినప్పటి నుంచి పార్టీల్లో ప్రతీవాళ్ళూ అనేది ఒకటే, స్టేడియానికి ఉన్నాయి టీచర్లకి లేవా అని. ఉన్నాయి, వేరే పర్సులో. ఇక డిస్ట్రిక్ట్ ఆస్తులు స్టేట్ లెక్క ప్రకారం ఎక్కువైతే లోకల్ ట్యాక్స్‌లోంచి కొంత వెనక్కి తీసుకుంటారు, 1993 నుంచి ఉన్న సిస్టమ్, రాబిన్ హుడ్ అంటారు, దాన్ని ఆపడం ఏ ట్రస్టీ వల్లా కాదు.

2024 నవంబర్‌లో ఇక్కడే ఫ్రిస్కోలో ట్యాక్స్ రేటు పెంపు, 100 కోట్ల డాలర్లు దాటిన బాండ్లు, మొత్తం నాలుగు ప్రశ్నలు ఓటుకి పెడితే జనం నాలుగూ వద్దన్నారు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, నాకు తప్పనిపించలేదు కూడా. కానీ ఒకే కార్డు మీద జీతం పెంచుతా, ట్యాక్స్ తగ్గిస్తా, స్కూలు మూయను అని మూడూ రాస్తే మాత్రం నాకు లెక్క కుదరట్లేదు. ఇక్కడే ప్లేనోలో 2024లో బోర్డే ఓటేసి నాలుగు స్కూళ్ళు మూసెయ్యాలని తేల్చింది, పిల్లలు తగ్గిపోయారని. ఒకప్పుడు చిన్నపిల్లల ఫ్యామిలీలతో నిండిన కాలనీల్లో ఇప్పుడు పిల్లలు కాలేజీకెళ్ళిపోయిన పేరెంట్స్ ఉంటున్నారు, కొత్తగా పెళ్ళైనవాళ్ళకి అక్కడి రేట్లు అందక ప్రాస్పర్, సెలీనా వైపు పోతున్నారు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇళ్ళ పోస్టులు చూస్తే అర్థమైపోతుంది.

సేఫ్టీ, పెద్దగా చెప్పేదేం లేదు, ప్రతి క్యాంపస్‌లో ఆయుధంతో ఒక ఆఫీసర్ ఉండాలని 2023లోనే స్టేట్ లా వచ్చింది. స్కూల్లో ఫోన్లు కూడా 2025 లాతోనే బంద్, అది నేను చేయిస్తా అని ఎవరైనా అంటే నవ్వుకోండి.

పేరెంట్స్ మాట అన్నదానికి వస్తే, సిటిజన్ కాకపోతే ఓటు లేదు, హెచ్ వన్ అయినా గ్రీన్ కార్డ్ అయినా అంతే. కానీ మీటింగ్ అజెండాలో ఉన్న ఐటమ్ మీద మాట్లాడ్డానికి ఓటరై ఉండక్కర్లేదు, ముందు పేరు రాయించుకోవాలి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు హాలు కిటకిటలాడింది, అబ్బో అనుకున్నా. ముందు పిల్లలకి అవార్డులు, కాయిర్ పాట, ఫోటోలు. అవి అవ్వగానే అందరూ లేచి వెళ్ళిపోయారు, బడ్జెట్ ఐటమ్ వచ్చేసరికి నాతో కలిపి పదకొండు మందిమి. మూడు నిమిషాల టైమర్, రాసుకున్న పేపర్ సగం చదివేసరికే ఎర్ర లైటు.

(కార్డు కెమెరాకి దగ్గరగా, అడ్రస్ మీద బొటనవేలు)

ఆవిడ ఈమెయిల్ ఇక్కడ కింద చిన్న అక్షరాల్లో ఉంది. రెండే అడిగా: మూడు మాటలూ నిలబెట్టాలంటే బడ్జెట్‌లో ఏ లైన్ కోస్తారు, అటెండెన్స్‌కి ఏం చేస్తారు అని. పంపించి నాలుగు రోజులైంది. జవాబొస్తే ఆవిడ పేరు లేకుండా చదివి వినిపిస్తా, రాకపోయినా చెప్తా.