తీగలు నేలలోకి దిగినా చీకటేనా?

యాంకర్: హుద్‌హుద్ తుఫాను 2014లో స్తంభాలు కూల్చాక విశాఖలో చాలాచోట్ల తీగల్ని భూమిలోకి దించారు. అయినా కరెంటు పోతే గంటలు! పక్కనే సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, 2000 మెగావాట్లు. ఇది నిర్లక్ష్యం కాదా? ఇద్దరికీ సమాన సమయం ఇస్తాం.

రిటైర్డ్ ఇంజనీర్: సింహాద్రి కరెంటు 400 కేవీలో గ్రిడ్‌లో కలిసిపోతుందండి, మీ వీధికని విడిగా రాదు. మెట్టుమెట్టుగా దిగి సబ్‌స్టేషన్‌లో 33 నుంచి 11 కేవీ, మీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 433 వోల్టులు. తెగేది ఎక్కువగా ఈ చివర్లోనే.

యాంకర్: అంటే నిర్లక్ష్యమే!

ఇంజనీర్: నేననలేదు.

కాలనీ సంఘం ప్రతినిధి: మా బాధేటంటే...

ఇంజనీర్: ఒక్క నిమిషం. పైతీగకి కొమ్మ తగిలితే ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను, ట్రిప్ అవుతుంది, బ్రేకర్ మళ్ళీ వేస్తే నిలబడొచ్చు. భూమిలో కేబుల్ ఫాల్ట్ దానంతటది పోదు, వేసి చూసినకొద్దీ ముదురుతుంది. జాయింట్‌లో తేమ దిగడమో, జేసీబీ పన్ను గీరుకుని నెలల తర్వాత పేలడమో...

యాంకర్: ఆ జేసీబీ ఎవరిది?

ఇంజనీర్: నీళ్ళ పైపులది, ఇంటర్నెట్‌ది, ఎవరిదైనా! రెండు ఆర్‌ఎంయూల, అంటే కేబుల్ స్విచ్ పెట్టెల, మధ్య ముక్కని విడదీసి మెగ్గర్ పెట్టాలి, అదే ఇన్సులేషన్ కొలిచే మీటరు. చెడ్డ ముక్క తేలాక సర్జ్ జనరేటర్‌తో కొడితే లోపల ఠప్‌మంటుంది, పైన మైకు పెట్టి చోటు పట్టాలి. తవ్వాక జాయింట్‌కే గంటలు. తడిలో తొందరపడి వేస్తే మళ్ళీ అక్కడే పోతుంది.

ప్రతినిధి: అన్ని గంటలూ చీకట్లోనేటండీ?

ఇంజనీర్: రింగ్ ఉంటే, అంటే కేబుల్‌కి రెండువైపుల నుంచీ కరెంటిచ్చే ఏర్పాటుంటే, అక్కర్లేదు. ఆ ముక్క తప్పించి రెండోవైపు నుంచి ఇవ్వొచ్చు. కానీ ఆ ఫీడర్‌లో ఖాళీ ఉండాలి. మే నెల రాత్రి అన్ని ఏసీలూ నడిచేటప్పుడు ఎక్కడుంటుంది?

ప్రతినిధి: ఖాళీ ఉంచకపోవడం ఎవరి తప్పు?

యాంకర్: అదే! నిర్లక్ష్యం!

ఇంజనీర్: (గొంతు పెంచి) ముందు మీ అపార్ట్‌మెంట్ జనరేటర్‌కి చేంజోవర్ స్విచ్, అదే లైనూ జనరేటరూ కలవకుండా ఆపేది, ఉందా? లేకపోతే మీ కరెంటు వెనక్కెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులవుతుంది. పైన లైన్‌మన్ ఉంటాడు!

యాంకర్: ఇది సీరియస్. చెప్పండి, ఉందా?

ప్రతినిధి: ఉందండీ. నేనడిగింది రింగ్ గురించి...

(ముగ్గురూ ఒకేసారి)

ఇంజనీర్: బీచ్ పక్క పైతీగలు చూడండి. ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది, తెల్లారుజామున మంచు పడగానే చిటపటమని ట్రిప్. కడగాలి.

ప్రతినిధి: రింగ్ సంగతి?

యాంకర్: సమయం లేదు. సార్, చివరి మాట మీదే.

ఇంజనీర్: న్యూట్రల్, అంటే కరెంటు తిరిగెళ్ళే తీగ, తెగితే ఒకింట్లో దీపం మందగిస్తుంది, పక్కింట్లో టీవీ కాలిపోతుంది. ముందు మెయిన్ స్విచ్ ఆపెయ్యండి. ఇంకోటేంటంటే, ఎర్తింగ్ గుంతలో...

(సంగీతం)