జర్మన్ పాఠానికి కౌలు లెక్క

[దృశ్యం: రావులపాలెం బస్టాండు, ఉదయం ఏడున్నర. వెనక అరటి గెలల లారీ. మాట్లాడే వ్యక్తి సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసి కెమెరాకు చూపిస్తాడు.]

నమస్కారం. ఈ కాగితం చూడండి. జర్మన్ పాఠాలు చెప్పమని ఒక ఇంజినీరింగ్ కాలేజీవారు నాకు మొదటిసారి ఇచ్చిన ఉత్తర్వు. ఇందులో మూడు ముక్కలున్నాయి: గెస్ట్ ఫ్యాకల్టీ, గంటల లెక్కన, అవసరాన్ని బట్టి. మొదటి ముక్కకు మురిసిపోయాను. రెండోదాన్ని పట్టించుకోలేదు. మూడోది అసలు చదవనే లేదు. కాలేజీ పేరు చెప్పను. చెప్పినా ఈ కథ వాళ్లొక్కరిదే కాదు.

కాకినాడ, భీమవరం, అమలాపురం, ఎక్కడ చూసినా ఇప్పుడు జర్మన్ నేర్చుకునే పిల్లలు కనిపిస్తున్నారు. ఇంజినీరింగ్ చదివినవాళ్లు ఎమ్మెస్ కోసం, నర్సింగ్ చదివినవాళ్లు ఉద్యోగం కోసం. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. 2023-24 శీతాకాలపు సెమిస్టరులో అక్కడ చదువుతున్న భారతీయులు 49 వేల పైచిలుకు, విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లే ఎక్కువ. ఇంతమందికి అక్షరాలు దిద్దించడానికి ఎవరో ఒకరు కావాలి కదా. ఆ ఎవరో ఒకరు సాధారణంగా తాత్కాలిక అధ్యాపకులు. మీరు జర్మన్ భాషా స్థాయిల్లో బీటూ, సీవన్ పరీక్షలు దాటి, "నేను కూడా పాఠం చెప్పవచ్చా?" అని ఆలోచిస్తుంటే ఈ వీడియో మీ కోసమే.

[దృశ్యం: కాలువ గట్టు. ఒక పక్క పచ్చని వరి.]

డెల్టాలో పుట్టినవాళ్లకు ఈ ఉద్యోగాన్ని ఒక్క మాటలో చెప్పవచ్చు: కౌలు సేద్యం. చేను మీది కాదు. నాటించేదీ, కలుపు తీయించేదీ మీరే. సార్వాకు, అంటే తొలి పంటకు ఒప్పందం కుదిరిందని దాళ్వాకూ, అంటే రెండో పంటకూ కుదురుతుందన్న నమ్మకం లేదు. ఎండాకాలం కాలువలు కట్టేస్తారు చూశారా, అలాగే సెలవుల్లో మన రాబడినీ కట్టేస్తారు.

పేర్లు రకరకాలుగా ఉంటాయి: గెస్ట్, పార్ట్‌టైమ్, అడ్‌హాక్, కాంట్రాక్ట్. పేరు పక్కన పెట్టి ఒక్క ప్రశ్న వేయండి: డబ్బు నెలకా, పాఠానికా? కాంట్రాక్ట్ అంటే సాధారణంగా నెలకు ఇంత అని ఏకమొత్తం. గెస్ట్ అంటే చెప్పిన పాఠానికే డబ్బు. చెప్పని పాఠానికి లేదు, అది మీ తప్పు కాకపోయినా సరే. డిసెంబరులో తుపాను హెచ్చరిక వచ్చింది, కలెక్టరు సెలవు ప్రకటించారు. పిల్లలు కేరింతలు కొట్టారు. నేను వరండాలో నిలబడి పోయిన పీరియడ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

ఇప్పుడు నిబంధనలు. విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసరు స్థాయికి 2018 యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనల ప్రకారం ఆ సబ్జెక్టులో పీజీ, 55 శాతం మార్కులు, దాంతోపాటు నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ పీహెచ్‌డీ గానీ ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు మార్కుల్లో 5 శాతం సడలింపు ఉంది. నెట్‌లో జర్మన్ ఒక సబ్జెక్టు, ఈ సంగతి చాలామందికి తెలియదు. జర్మన్‌లో ఎం.ఏ. చేయాలంటే మనకు దగ్గరి దారి హైదరాబాదు: అక్కడి ఇఫ్లూలో, అంటే ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో జర్మన్ శాఖ ఉంది. ఢిల్లీ వెళ్లగలిగితే జేఎన్‌యూ ఉంది.

డబ్బు సంగతి. 2019 జనవరిలో యూజీసీ గెస్ట్ ఫ్యాకల్టీకి పాఠానికి 1,500 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 50,000 అని మార్గదర్శకాలిచ్చింది. లెక్క వేయండి. 33 పాఠాలకు 49,500. ముప్పై నాలుగో పాఠానికి అయిదు వందలే మిగిలాయి. ముప్పై అయిదోది ఉచితం, పుణ్యం కొద్దీ చెప్పాలి.

కానీ ఆ 1,500 చూసి ఆశ పెంచుకోకండి. ఆ మార్గదర్శకాలు మంజూరైన పోస్టుల లెక్కతో నడిచే వ్యవహారం. మన వైపు కాలేజీల్లో జర్మన్ ఎక్కువగా సర్టిఫికెట్ కోర్సుగానో ఐచ్ఛికంగానో ఉంటుంది. అక్కడ రేటు యాజమాన్యం ఇష్టం. నెట్ అడగరు, ఏ స్థాయి పరీక్ష పాసయ్యారో అడుగుతారు. ఏవన్ నుంచి సీటూ దాకా ఆరు మెట్లు ఉంటాయి. ఏవన్ చెప్పడానికి బీటూ చాలదా అంటే చాలుతుందనే చాలా కాలేజీలు అనుకుంటాయి. నేనైతే సీవన్ లేకుండా తరగతిలోకి వెళ్లవద్దంటాను. రెండో వారంలోనే ఎవడో ఒక తెలివైన కుర్రాడు లేచి మీకు తెలియని ప్రశ్న వేస్తాడు.

[దృశ్యం: పాఠాల లాగ్‌బుక్, దగ్గరగా. తేదీ, పీరియడు, అంశం, సంతకం గడులు.]

ఇదిగో, నేను దెబ్బ తిన్నది ఇక్కడ. ఆ సెమిస్టరులో 42 పీరియడ్లు చెప్పాను. ప్రతి గడీ నింపాను, ప్రతి వారం శాఖాధిపతి (హెచ్‌ఓడీ) సంతకం పెట్టించాను. బిల్లు పట్టుకుని అకౌంట్స్ గదికి వెళ్లాను. గుమాస్తాగారు కాలిక్యులేటర్ నొక్కి 35 అని రాశారు.

"అదేమిటండీ, నలభై రెండు కదా?"

"మాస్టారూ, మీ ఆర్డరులో గంటకు ఇంత అని ఉందండీ. మన పీరియడు యాభై నిమిషాలు. నలభై రెండు యాభైలు రెండు వేల వంద. అరవైతో భాగిస్తే ముప్పై అయిదు గంటలే వచ్చిందండీ."

లెక్కలో ఒక్క తప్పు లేదు. ఏడు గంటల డబ్బు పోయింది. ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు, అంత శుభ్రంగా భాగించారు. అందుకే ఉత్తర్వు తీసుకునేటప్పుడే "గంట అంటే పీరియడా, అరవై నిమిషాలా?" అని అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకోండి. పరీక్షల డ్యూటీకి, పేపర్లు దిద్దినందుకు విడిగా ఇస్తారో లేదో కూడా అప్పుడే అడగండి. తరువాత అడిగితే "ఇంతకుముందు ఎవరూ అడగలేదండీ" అంటారు.

జర్మనీలో గంట గొడవ లేదు. అక్కడ పాఠపు గంట అంటే 45 నిమిషాలని స్థిరపడిపోయింది. బోధన భారాన్ని "సెమిస్టరు వారపు గంట"ల్లో కొలుస్తారు: సెమిస్టరులో పాఠాలు జరిగినన్నాళ్లూ వారానికి ఒక పాఠపు గంట చెబితే అది ఒక యూనిట్. గొడవ లేదన్నాను గానీ కౌలు లేదనలేదు. మన గెస్ట్ ఫ్యాకల్టీకి అక్కడి అన్నదమ్ముడు "లేర్‌ఔఫ్‌ట్రాగ్" మీద పనిచేసే అధ్యాపకుడు. ఒక్క సెమిస్టరుకు ఒప్పందం, చెప్పిన గంటలకే డబ్బు, పాఠం తయారీ, పేపర్లు దిద్దడం మామూలుగా అందులోనే కలిపేస్తారు. అది ఉద్యోగం కిందకే రాదు.

ఇక ఉద్యోగం కిందకు వచ్చేవాళ్ల పరిస్థితి. 2007లో వచ్చిన చట్టం ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తరువాత ఆరేళ్లు తాత్కాలిక ఒప్పందాల మీద పనిచేయించుకోవచ్చు. ఈ పద్ధతి ఎంత మంచిదో చెప్పడానికి అక్కడి విద్యా పరిశోధన మంత్రిత్వ శాఖ నాలాగే ఒక వివరణ వీడియో చేసింది. అందులో హానా అనే కల్పిత పరిశోధకురాలు ఉంటుంది. ఒక తరం వాళ్లే పోస్టులన్నీ పట్టుకుని కూర్చుంటే కొత్తవాళ్లకు దారి మూసుకుపోతుందని దాని సారం. 2021లో వేలమంది అధ్యాపకులు "నేనే హానా" అంటూ సామాజిక మాధ్యమాల్లో తమ గోడు రాసుకున్నారు. వివరణ వీడియోలు చేసేవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలని నాకు అప్పుడే తెలిసింది.

డాడ్ అనే జర్మన్ సంస్థ విదేశీ విశ్వవిద్యాలయాలకు లెక్టర్లను, అంటే జర్మన్ చెప్పే అధ్యాపకులను పంపుతుంది. అదీ కాలపరిమితి ఉన్న కొలువే. అక్కడినుంచి ఇక్కడికి వచ్చేవాళ్ల కోసం పెట్టింది, మనకు దారి కాదు. అమెరికాలో అయితే విజిటింగ్ అసిస్టెంట్ ప్రొఫెసరు అని ఏడాది పాటు తీసుకుంటారు. ఆ ప్రకటనల్లో భారం "మూడు-మూడు" అని ఉంటే సెమిస్టరుకు మూడు కోర్సులని అర్థం. జర్మన్‌లో మాతృభాషకు దగ్గరి పట్టు, సాధారణంగా పీహెచ్‌డీ అడుగుతారు.

[దృశ్యం: తరగతి గది. నల్లబల్ల మీద మూడు రంగుల సుద్దముక్కలతో జర్మన్‌లో మూడు లింగాల గుర్తులు: డెర్, డీ, దాస్.]

వాకిన్ ఇంటర్వ్యూలో పది నిమిషాల డెమో పాఠం అడుగుతారు. అందరూ నమస్కారాలు, అంకెలు చెబుతారు. మీరు తెలుగును వాడుకోండి. దాస్ మేట్‌షెన్ అంటే అమ్మాయి, కానీ జర్మన్ వ్యాకరణంలో అది నపుంసకం. షెన్ చేరితే ఏ మాటైనా అంతే. ఇంగ్లీషు మీడియం పిల్లలు దీనికి నవ్వుతారు. అప్పుడు బల్ల మీద ఇలా రాయండి: అబ్బాయి వచ్చాడు, అమ్మాయి వచ్చింది, బస్సు వచ్చింది. అమ్మాయినీ బస్సునూ ఒకే క్రియతో సరిపెట్టింది మనమే కదా! నవ్వు ఆగిపోతుంది, వ్యాకరణం మొదలవుతుంది.

ఇంకొకటి. "వైల్" (ఎందుకంటే) అనే మాట తరువాత జర్మన్‌లో క్రియ వాక్యం చివరికి పోతుంది: వైల్ ఇష్ క్రాంక్ బిన్. పిల్లలు ఇంగ్లీషు అలవాటుతో బిన్ అనే క్రియను మధ్యలో ఇరికిస్తారు. "నాకు ఒంట్లో బాగోలేదు కాబట్టి" అన్నప్పుడు క్రియ ఎక్కడుందో చూపించండి. చివరికి జరపడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఊ లాంటి ఆ చుక్కల అచ్చు పలకడం కష్టమంటారా? ఈ అంటూ పెదవులు మాత్రం ఊ అన్నట్టు గుండ్రంగా పెట్టమనండి. వస్తుంది.

సంస్కృతి భాగాన్ని వాళ్లు లాండెస్‌కుండె అంటారు. దయచేసి దాన్ని బీరు పండుగతో సరిపెట్టవద్దు. ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు అదనంగా కట్టి, ఖాళీ సీసా తిరిగి ఇచ్చినప్పుడు వెనక్కి తీసుకుంటారు. కొట్లో సోడా సీసాకు అడ్వాన్సు కట్టిన ఊళ్లో ఇది చెప్పడం ఎంత తేలికో చూడండి. జర్మన్లు గడియారం మనుషులని విన్న పిల్లలకు ఇదీ చెప్పండి: విశ్వవిద్యాలయ పట్టికలో పది గంటలకని ఉన్న పాఠం చాలాచోట్ల పదీ పావుకు మొదలవుతుంది. ఆ పావుగంటకు ఒక పేరు కూడా ఉంది, అకడమిక్ పావుగంట.

మన ఊరి సంగతి కూడా కలపండి. రాజమహేంద్రవరంలో లూథర్‌గిరి అనే పేరు ఎందుకు వచ్చిందని అడగండి. 1840ల్లో ఉత్తర జర్మనీ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు అక్కడ పని మొదలుపెట్టారు. అంతకు నూరేళ్ల ముందే బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి తెలుగు నేర్చుకుని, తెలుగు పుస్తకాలను జర్మనీలోని హాలే నగరంలో అచ్చు వేయించాడు. జర్మన్ మనకు నిన్న మొన్నటి చుట్టం కాదు.

[దృశ్యం: మళ్లీ బస్టాండు. అమలాపురం బస్సు వచ్చి ఆగుతుంది.]

చివరగా ఒక కాగితం సంగతి. సెమిస్టరు ముగిసిన రోజే అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకోండి. అందులో ఏ స్థాయి చెప్పారో, ఎన్ని గంటలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో ఉండాలి. "సేవలు సంతృప్తికరం" అన్న ఒక్క వాక్యం ఎక్కడా చెల్లదు. నాది ఇంకా ఆ కాలేజీ ఫైల్లోనే ఉంది. ప్రిన్సిపాలుగారు ఊళ్లో లేరట, మంగళవారం రమ్మన్నారు. ఈరోజు మంగళవారమే. బస్సు వచ్చేసింది, ఉంటాను.