దగ్గేవాడికంటే గెంతేవాడితోనే జాగ్రత్త!

హలో అండీ, అందరూ బాగున్నారా? న్యూజెర్సీ చలి నుంచి తప్పించుకుని బెంగళూరు వచ్చాం, మారతహళ్ళిలో అక్కవాళ్ళింట్లో ఉన్నాం. లాల్‌బాగ్ చూపిద్దామనుకున్నాను గానీ, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి ఫ్లూ. అందుకని ఈ వ్లాగంతా సోఫా మీంచే.

వెనకాల ఖళ్ళు ఖళ్ళుమని వినిపిస్తోందే, అది మా బావ. జ్వరం తగ్గి వారం దాటినా దగ్గు వదల్లేదు. "వైరస్ ఇంకా లోపలే ఉందేమో, మళ్ళీ పీసీఆర్ టెస్టు చేయిద్దాం" అని అక్క ఒకటే టెన్షన్. నెల్లూరు నుంచి వాళ్ళ మామగారు వస్తున్నారు మరి. ఆయనకి కిడ్నీ మార్పిడి జరిగింది.

డాక్టరుగారు చెప్పింది వింటే నాకే ఆశ్చర్యమేసింది. ఫ్లూ వచ్చిన పెద్దవాళ్ళు లక్షణాలు మొదలవడానికి ఒకరోజు ముందు నుంచి, ఆ తర్వాత 5 నుంచి 7 రోజుల దాకా ఇతరులకి అంటిస్తారట. మొదటి మూడు రోజులే మరీ ఎక్కువ. దగ్గు లెక్క వేరు. వైరస్ పోయినా గొంతు, శ్వాసనాళాల లోపలి పొర మానడానికి టైం పడుతుంది. ఇలాంటి దగ్గు సగటున 18 రోజులు ఉంటుంది, మనమేమో వారంలో తగ్గిపోవాలనుకుంటాం. ఓపిక పట్టలేక సందు చివర మెడికల్ షాపులో అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చేసుకుంటాం. అమెరికాలో చీటీ లేనిదే ఇవ్వరు, ఇక్కడ అడిగితే చాలు! వైరస్ మీద అది పనిచేయదండీ.

ఇక పీసీఆర్ సంగతి. అది చచ్చిన వైరస్ తాలూకు ఆర్‌ఎన్‌ఏ (జన్యు పదార్థం) ముక్కల్ని కూడా పట్టేస్తుంది. ఎంగిలి విస్తళ్ళు చూసి పెళ్ళి ఇంకా జరుగుతోందనుకుంటే ఎలా? కోవిడ్‌లో అయితే కొందరికి మూడు నెలల దాకా పాజిటివ్ వచ్చేది, మామూలుగా కోలుకున్నవాళ్ళు 10 రోజుల తర్వాత అంటించకపోయినా సరే.

అసలు భయం మా మేనల్లుడితో. నాలుగేళ్ళవాడు, జ్వరం నిన్ననే తగ్గింది, అప్పుడే సోఫా ఎక్కి గెంతుతున్నాడు. దగ్గు లేదు, ముక్కు మాత్రం కారుతోంది, తుడవబోతే నా చున్నీకే రాశాడు. చిన్నపిల్లల్లో వైరస్ పెద్దవాళ్ళకంటే ఎక్కువ రోజులుంటుంది, 10 రోజులు దాటినా దాటొచ్చు. మామగారిలా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళకి సోకితే వారాల తరబడి పోకపోవచ్చు.

అందుకని ఆయన్ని వైట్‌ఫీల్డ్‌లో అక్క ఆడపడుచు ఇంట్లో దింపాం. వీడియో కాల్‌లో ఒకటే గొడవ: "వాడు దగ్గట్లేదు కదమ్మా, వస్తే ఏం?"

"కొన్నాళ్ళు ఆగండి మామయ్యా. అక్కడ మీకు కాస్త ఒళ్ళు వెచ్చబడినా కషాయాలతో కూర్చోకుండా వెంటనే మీ డాక్టరుకి ఫోన్ చేయండి. ఫ్లూ మందు 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుందట" అంది అక్క.

ఆయన కాల్ కట్ చేసేశారు.